శుభ్రంగా కడిగిన సీసా

మొన్నామధ్య నీళ్ల ఫిల్టరు అమ్ముతానంటూ ఒక కుర్రాడు మా ఇంటికొచ్చేడు. అమలాపురం ఎండలో టై కట్టుకున్నాడు పాపం. జేబులోంచి పెన్నులాంటిదొకటి తీసి మా గ్లాసులో ముంచి, "చూసేరా అమ్మగారూ, మీ నీళ్లలో ఎంత ఉప్పుందో!" అని నన్ను బెదరగొట్టబోయేడు.

"అది సరే గానీ, ఆ గ్లాసు దేంతో కడిగేమో అడిగేవా?" అన్నాను.

"ఎందుకండీ?" అన్నాడు.

ఎందుకో అతనికి చెప్పలేదు. చెప్పడం మొదలెడితే పాపం ఆ పూటకి ఫిల్టర్లమ్మడం మానేసి కూర్చోవాలి. మీరు కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్లు, మీకు తీరికుంటుంది. మీకు చెప్తాను.

డెబ్భైల చివర్లో నేను అమలాపురంలో నీళ్లు పరీక్ష చేసే చిన్న ఆఫీసులో లేబ్ అసిస్టెంటుని. రెండు గదుల అద్దె ఇల్లు. కెమిస్టుగారు, నేను, అటెండరు బాబాయి, అంతే జనాభా. కెమిస్టుగారు మంచివారే. ఆయనకి కోపం రాదు, ధైర్యమూ రాదు. అటెండరు బాబాయికి ఈ రెండూ వచ్చేవి గానీ పని మాత్రం వచ్చేది కాదు. ఇంక మిగిలింది నేను.

అప్పట్లో మీ పెన్నుల్లేవు. కండక్టివిటీ బ్రిడ్జి అని ట్రంకుపెట్టంత యంత్రం ఉండేది. నీళ్లలో ఉప్పు ఎక్కువైనకొద్దీ అందులోంచి కరెంటు సులువుగా పారుతుంది, అదీ దాని కిటుకు. రెండు నల్లటి ప్లాటినం రేకులున్న గాజు గొట్టాన్ని నీళ్లలో ముంచి, మీట తిప్పుకుంటూ పోవాలి. పెట్టె ముందు ఆకుపచ్చ దీపం ఒకటి, అచ్చం పిల్లికన్నులా ఉండేది. సరైన చోటికి వచ్చేసరికి ఆ కన్ను బాగా విచ్చుకునేది. అక్కడి అంకె చూసి, లెక్క కట్టి, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో రాసెయ్యడమే. పక్కవీధిలో రైసు మిల్లు మొదలెట్టేరంటే వోల్టేజీ పడిపోయి పిల్లి కునుకు తీసేది. అప్పుడు దాన్ని బుజ్జగించి లేపాలి. నా చేతికి విచ్చుకున్నట్టు ఆ కన్ను ఇంకెవరి చేతికీ విచ్చుకునేది కాదు. గొప్పలు చెప్పుకుంటోందనుకుంటారేమో. అనుకోండి, నిజమే కదా.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. ఆఫీసు కిటికీలో ఒక కూజా ఉండేది, దాని మీద ఒక గ్లాసు. అందరూ అందులోనే మంచినీళ్లు తాగేవారు. నేను మాత్రం మా ఇంటినుంచి నా గ్లాసు తెచ్చుకునేదాన్ని. తెచ్చుకోమని ఎవరూ అన్లేదు. తెచ్చుకోవద్దని కూడా ఎవరూ అన్లేదు. మాది కాలవ అవతల పేట. మా నాన్నగారు మిషను బళ్లో మేష్టారు. నేను చదువుకునే రోజుల్లో నా టిఫిను గిన్నెని మా అమ్మ తోమిందే తోమేది. "అరిగిపోతుందే అమ్మా" అంటే, "అరిగితే కొత్తది కొంటాను. మాట పడితే ఏం కొంటాను?" అనేది.

సరే, అసలు కథకొస్తాను.

కాట్రేనికోన వైపు, సముద్రానికి దగ్గర్లో ఒక పేట ఉంది. కాలవ పారినన్నాళ్లూ వాళ్లు కాలవ నీళ్లే తాగేవారు. ఎండాకాలం కాలవలు కట్టేసేరంటే మాత్రం నరకమే. ఊళ్లోవాళ్ల చెరువు దగ్గరికి బిందెలు పట్టుకెళ్లి, గట్టు కింద నిలబడి, ఎవరైనా దయతలచి తోడి పోస్తే తెచ్చుకోవాలి. చెరువులో వాళ్ల బిందె మునగకూడదు. ఈ రూలు ఎక్కడా రాసిలేదు, రాయక్కర్లేదు కూడాను. ఎన్ని అర్జీలు పెట్టుకున్నారో, చివరికి వాళ్ల ప్రార్థన మందిరం పక్కన పరీక్షకని ఒక బోరు దింపేరు. నీళ్లు మంచివేనని మా ఆఫీసు రాస్తే సిమెంటు దిమ్మ కట్టి చేతిపంపు ఖాయం చేస్తారు. ఉప్పని రాస్తే పైపులు పీకేసి ఇంకో ఊరికి పట్టుకుపోతారు. మళ్లీ వాళ్ల వంతు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

సాంపిలు పట్టడానికి మా దగ్గర సీసాలు అయిపోయేయి. సర్కారు సొమ్ముకి తొందరుండదు కదా, సీసాలొచ్చేసరికి కాలవలు కట్టేసేలా ఉన్నారు. అందుకని ఆఫీసునుంచి ఒక కబురు వెళ్లింది. శుభ్రంగా కడిగిన సీసాలో నీళ్లు పట్టి పంపాలి, వేరే నీళ్లు చుక్కయినా కలవకూడదు. చూడ్డానికి ఎంత తెలివైన మాటలో చూడండి.

సీసా పట్టుకుని ఒక మామ్మగారు స్వయంగా వచ్చేరు. తెల్లచీర, భుజాల చుట్టూ నిండా కప్పుకున్న కొంగు, చేతిలో తువ్వాల్లో చుట్టిన టానిక్కు సీసా. బస్సు దిగి నడిచొచ్చేరు. గుమ్మం దగ్గరే ఆగిపోయి, "వందనాలమ్మా. ఇది ఎక్కడ పెట్టమంటారు?" అనడిగేరు.

"బల్లమీద పెట్టండి మామ్మగారూ."

పెట్టలేదు. బల్లకేసి చూసేరు, కెమిస్టుగారికేసి చూసేరు, అక్కడే నిలబడిపోయేరు. నేనే వెళ్లి చేతిలోంచి అందుకున్నాను. సీసా అద్దంలా తళతళలాడిపోతోంది. మా అటెండరు బాబాయి దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇంత తెల్లటి సీసా మన ఆఫీసులో ఒక్కటీ లేదమ్మాయ్. నా ఉద్యోగం ఈవిడకి ఇచ్చేస్తే పోలా!" అన్నాడు. మామ్మగారి మొహం వెలిగిపోయింది.

"నీళ్లు ఎలా ఉన్నాయండీ?" అనడిగేను.

"కొబ్బరినీళ్లేనమ్మా! పిల్లలు పంపు దగ్గర్నుంచి కదలట్లేదు" అన్నారు.

ఆవిడ బస్సుకి వెళ్లిపోయేక నీళ్లు బీకరులో పోసి గొట్టం ముంచేను. మీట తిప్పుతున్నాను, కన్ను విచ్చుకోదే! ఇంకా తిప్పేను, ఇంకా తిప్పేను. ఎక్కడో ఆ చివర, ఉప్పు కయ్యల నీళ్లకి విచ్చుకోవాల్సిన చోట, ఇంతలేసి కన్నేసుకుని చూసింది నాకేసి. యంత్రం పాడైందేమోనని పట్టి ఉంచిన వాననీళ్లు పెట్టి చూసేను. భేషుగ్గా ఉంది.

కెమిస్టుగారు చూసి నిట్టూర్చేరు. "సముద్రప్పక్క కదమ్మా, అంతే ఉంటుంది. అయినా ఇంకో సాంపిలు తెప్పిద్దాం."

రెండో సీసా వారంలోపే వచ్చింది. ఈసారి మామ్మగారి మొహంలో నవ్వు లేదు. "మొదటిది బాగోలేదన్నారంటగా. ఈసారి ఇంకా శుభ్రం చేసేనమ్మా" అన్నారు. ఆ మాట నేను చెవినేసుకోలేదు, సీసా చూస్తున్నాను. మొదటి దానికంటే ఎక్కువ మెరుస్తోంది. పిల్లికన్ను దగ్గరికి తీసుకెళ్తే మొదటి దానికి రెట్టింపు ఉప్పు చూపించింది.

ఇంక చెప్పేదేముంది. తాగుటకు పనికిరాదు అని రిపోర్టు తయారైంది. పైపుల పని చూసే జె.ఇ. గారు ఆఫీసుకొచ్చి కాపీ పట్టుకుని, "ఆయ్, నాకు ముందే తెలుసండీ. రేపు పీకించేస్తాను. ఇంకో ఊరివాళ్లు అడుగుతున్నారు" అన్నారు.

"పేటవాళ్లు తియ్యగా ఉన్నాయంటున్నారు కదండీ" అన్నాను.

"వాళ్లకి ఆశండీ. ఆశకి రుచి తెలుస్తుందా?"

"మీరు తాగి చూసేరా?"

ఆయన నవ్వేసి వెళ్లిపోయేరు. ఒళ్లు మండింది నాకు. బోరు వేసిన వాళ్లున్నారు, వేయించిన వాళ్లున్నారు, రిపోర్టు రాసిన వాళ్లున్నారు. ఆ నీళ్లు నోట్లో పోసుకు చూసిన ఉద్యోగి మాత్రం ఒక్కడూ లేడు.

కోపంతో పనిచేస్తే నాకు పని బాగా అవుతుంది. ఆ మధ్యాహ్నం రెండు సీసాల అడుగునా మిగిలిన నీళ్లు తీసి కాఠిన్యం పరీక్ష పెట్టేను. అంటే సబ్బు నురగ రానివ్వని సున్నం, మెగ్నీషియం లాంటివి ఎంతున్నాయో చూడ్డం. ఉప్పు చూస్తే రెట్టింపయింది. కాఠిన్యం మాత్రం రెండు సీసాల్లోనూ ఒక్కలాగే ఉంది, అదీ తక్కువే. అది చూడగానే కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను.

కెమిస్టుగారి దగ్గరికి వెళ్లి, "ఏవండీ, సముద్రం బోరులోకి వస్తే ఒక్కత్తే వస్తుందా? మెగ్నీషియాన్ని వెంటబెట్టుకుని చుట్టాలందరితోటీ కదా దిగుతుంది. ఇక్కడ చుట్టాలెవరూ లేరు. ఒట్టి వంటింటి ఉప్పొచ్చింది. పైగా శ్రావణంలో, ఇన్ని వానలు పడ్డాక, వారం తిరక్కుండా రెట్టింపు ఎలా అవుతుందండీ?" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వనేది నిజమేననిపిస్తోంది. కానీ రిపోర్టు వెళ్లిపోయిందిగా అమ్మాయ్."

"రిపోర్టు వెళ్తే మనమూ వెళ్దాం. పైపులు పీకేది రేపేగా."

"మనమూ అంటే?"

"మీరొస్తే సంతోషం. రాకపోతే నేను సెలవు పెట్టి వెళ్తాను. ఆ జె.ఇ. గారితో నా నోరు ఎలా ఉంటుందో నేను హామీ ఇవ్వలేను."

చూసేరా, పెద్దాయన్ని బెదిరించేను. పనిచేసింది కూడాను. "నీ నోరు నా ఉద్యోగానికొచ్చేలా ఉంది, పద" అన్నారు ఆయన. బ్రిడ్జి మోసుకెళ్లి లాభం లేదు, పేటలో కరెంటు లేదు. అందుకని సిల్వరు నైట్రేటు బుడ్డి, రెండు గాజు గొట్టాలు, మా ఇంట్లోది తెచ్చి నా చేత్తో సిద్ధం చేసిన సీసా ఒకటి సంచీలో పెట్టుకున్నాను. సిల్వరు నైట్రేటు చుక్కలేస్తే ఉప్పునీళ్లు విరిగిన పాలలా తెల్లగా గడ్డకడతాయి. మంచినీళ్లయితే సన్నగా పొగ కమ్మినట్టవుతాయంతే. కెమిస్టుగారు ఎప్పట్లాగే తన ఫ్లాస్కు తగిలించుకున్నారు. ఊళ్లకి వెళ్తే ఎక్కడా నీళ్లు ముట్టేవారు కాదు. "నాకు పొట్ట పడదమ్మా" అనేవారు. ఏ ఇంటి దగ్గరైనా ఆ మాటే అనేవారు కాబట్టి ఆయన పొట్ట సంగతి నేనెప్పుడూ తేల్చుకోలేకపోయేను.

మర్నాడు పొద్దున్న మేం వెళ్లేసరికి పేటలో బోరు పైపులు పైకి లాగే ముక్కాలి స్తంభాలు నిలబెట్టేసేరు. పైపుకి గొలుసు చుట్టేరు. జనమంతా చేరేరు గానీ ఎవరూ నోరెత్తట్లేదు. ఆడవాళ్లు వరసగా బిందెలతో నిలబడి ఉన్నారు. పీకేలోగా దొరికినన్ని పట్టుకుందామని కాబోలు.

"ఆపండి ఆపండి!" అని అరిచేను.

జె.ఇ. గారు నన్ను కాకుండా కెమిస్టుగారిని చూసి, "ఏంటండీ ఇది? రెండుసార్లు పరీక్ష చేసి రిపోర్టు మీరే ఇచ్చేరు కదండీ" అన్నారు. మా కెమిస్టుగారేమో గొంతు సవరించుకుని, "ఒక్క అరగంటండీ. చిన్న అనుమానం" అన్నారు. ఆయన నోట్లోంచి అంత పెద్ద ధైర్యం రావడం అదే మొదటిసారి.

నేను ముందు పంపు కొట్టించి దోసిలి పట్టేను. తాగేను. అబ్బ! ఉప్పు కాదు కదా, ఉప్పు ఊసు కూడా లేదు. సీసాలో అవే నీళ్లు కాసిని పోసి, గిలకరించి పారబోసి, అలా మూడుసార్లు తొలిపి నిండా పట్టేను. అంతలో మామ్మగారు జనంలోంచి ముందుకొచ్చేరు. "సాంపిలు మళ్లీ కావాలామ్మా? అడుగుతారేమోనని ఇంకో సీసా కడిగి ఉంచేను" అన్నారు.

"ఏదండీ, ఎక్కడుంది?"

మందిరం అరుగు మీద, ఎండలో, బోర్లించి ఉంది టానిక్కు సీసా. తీసి వెలుతురుకి పట్టేను. లోపలి గోడల మీద సన్నగా తెల్లటి పూత. అద్దంలా మెరుస్తున్నాయని మేమంతా మురిసిపోయిన సీసాలూ ఇలాంటివే, నీళ్లు పోసేసరికి ఈ పూత కరిగి కనబడకుండా పోయిందంతే.

"ఇది దేంతో కడిగేరు మామ్మగారూ?"

ఆవిడ తప్పు చేసినదానిలా చూసేరు. "కల్లుప్పుతోనమ్మా. టానిక్కు వాసన ఓ పట్టాన పోదు. గుప్పెడు ఉప్పేసి, రవ్వంత నీళ్లు పోసి, చెయ్యి నొప్పెట్టేదాకా గిలకొట్టేను. మొదటిది బాగోలేదన్నారని రెండోసారి రెండు గుప్పిళ్లేసేను."

"తరవాత నీళ్లు పోసి కడగలేదా?"

"వేరే నీళ్లు చుక్క కలవకూడదన్నారు కదమ్మా! అందుకే ఉప్పు దులిపేసి ఎండబెట్టేసేను."

చెప్పినవి రెండు మాటలు. రెండూ అక్షరం పొల్లుపోకుండా పాటించింది మహాతల్లి. నాకు నవ్వొచ్చింది.

"అంతలా ఎందుకు తోమేరండీ, నీళ్లకోసమే కదా?" అనడిగేరు కెమిస్టుగారు మెల్లిగా.

ఆవిడ కొంగు సర్దుకున్నారు. "మా సీసా మీ బల్లమీద పెడతారు కదండీ. ఏ మాత్రం వాసనేసినా, 'పేటవాళ్ల సీసా' అంటారు కదా. మా పిల్లలు నీళ్లు తాగాలి. మా సీసా వంకన నీళ్లని కాదంటారేమోనని భయమేసిందండీ."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మా అమ్మ చెయ్యి, నా టిఫిను గిన్నె, ఆఫీసు కిటికీలో కూజా పక్కనున్న నా గ్లాసు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చేయి. ఏడుపొచ్చేసింది. అందరి ముందూ ఏడిచేను కూడా, దాచుకోలేదు. చదువుకున్న మేం ఉప్పు కోసం భూమిలోపలంతా వెతికేం. అది భయం తోమిన సీసాలో ఉంది.

ఏడుస్తూనే పని చేసేను. ఒక గొట్టంలో నా సీసాలో నీళ్లు, రెండో గొట్టంలో అవే నీళ్లు మామ్మగారి సీసాలో పోసి తీసినవి. రెండింట్లోనూ చుక్కలేసేను. మొదటిదాంట్లో సన్నటి పొగ. రెండోదాంట్లో పాలు విరిగినట్టు తెల్లటి గడ్డలు. పిల్లలు "ఓహో!" అన్నారు. జె.ఇ. గారు రెండు గొట్టాలూ చేతిలోకి తీసుకుని మార్చి మార్చి చూసేరు. ఆ తరవాత ఎవరూ చెప్పకుండానే పంపు దగ్గరికి వెళ్లి, దోసిలి పట్టి, ఒక గుక్క తాగేరు.

"గొలుసు విప్పండ్రా" అన్నారు పనివాళ్లతో. ఆయన మీద నా కోపం అక్కడితో సరి.

అందరూ ఒక్కసారి మాట్లాడ్డం మొదలెట్టేరు. ఎవరో పాటందుకున్నారు. నేను మామ్మగారి చెయ్యి పట్టుకుని, "ఇంకెప్పుడైనా అడిగితే సీసాని కడక్కండి. ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిపి పట్టెయ్యండి. అంతే" అన్నాను.

ఆవిడకి నమ్మకం కుదర్లేదు. "తోమకుండా ఇచ్చెయ్యనా? ఆఫీసుకి?"

"ఆఫీసుకే!"

"ఏమో తల్లీ" అని, ఆవిడ ఇంట్లోకి వెళ్లి ఒక స్టీలు గ్లాసు తెచ్చేరు. మాకు మంచినీళ్లివ్వాలని. పంపు దగ్గర కూర్చుని, అలవాటుగా గ్లాసులో ఇంత ఉప్పేసి తోమడం మొదలెట్టేరు. తోముతున్నారు, తోముతున్నారు. నేను ఆపబోయేలోగా కెమిస్టుగారు భుజానికున్న ఫ్లాస్కు తీసి అరుగు మీద పెట్టేరు. ఆవిడ దగ్గరికి వెళ్లి వంగేరు.

"మామ్మగారూ, మీరు తోమితే నేను మళ్లీ పనికిరాదని రాయాల్సొస్తుంది. తొలిపి ఇచ్చెయ్యండి" అన్నారు.

ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసేరు. గ్లాసు తొలిపేరు. నింపి, చేతులు రెండూ జాపి ఇచ్చేరు. ఆయన గ్లాసు పెదవికి ఆనించుకుని నిదానంగా మొత్తం తాగేసి, "ఇంకోటి ఇవ్వండి" అన్నారు.

సాయంత్రం ఆఫీసుకొచ్చి నా సీసాలో నీళ్లకి బ్రిడ్జి పెట్టేను. మీట రవ్వంత తిప్పేనో లేదో, పిల్లికన్ను మొదట్లోనే విచ్చుకుంది. ఆ అంకె కెమిస్టుగారే స్వయంగా రాసేరు. పాత రిపోర్టు రద్దయింది. ఆ పంపుకి దిమ్మ కట్టేరు, మరుసటేడు కాలవలు కట్టేసినప్పుడు ఆ పేటలో ఒక్క బిందె కూడా చెరువు గట్టుకి వెళ్లలేదు. ఊళ్లకి వెళ్లే కబురులో నేను 'కడిగిన' అన్న మాట కొట్టేసి 'ఆ నీళ్లతోనే తొలిపిన' అని రాయించేను. ఈ ఉద్యోగంలో నేను చేసిన మార్పు ఏదైనా మిగిలి ఉంటే అదొక్కటే అయ్యుంటుంది. చాలు.

మర్నాడు అటెండరు బాబాయి కెమిస్టుగారిని ఊరుకోనిచ్చేడా? "పొట్ట ఎలా ఉందండీ?" అని వచ్చినప్పుడల్లా అడిగేడు. "భేషుగ్గా ఉందయ్యా, ఇన్నేళ్లూ ఊరికే దాని మీద నింద వేసేను" అన్నారాయన.

ఆ రోజు నేను నా గ్లాసు ఇంట్లోనే వదిలేసి వచ్చేను. మధ్యాహ్నం దాహమేస్తే కిటికీ దగ్గరికి వెళ్లి, కూజా మీది గ్లాసు తీసుకుని, ఒక్కసారి తొలిపి, నిండా పోసుకుని తాగేను. తాగి మళ్లీ కూజా మీదే బోర్లించేను, తోమకుండా.